రెండు వేళ్ల మార్జిను

అరవై రెండు పరీక్ష పేపర్లు బల్ల మీద పేకముక్కల్లా పరిచి ఉన్నాయి. బల్లకి అటుపక్క నిధులిచ్చే సంస్థ నుంచి వచ్చిన తనిఖీ అధికారి కూర్చున్నాడు. ఇటుపక్క లెక్కల టీచరు నిలబడి ఉంది. కూర్చోమని ఆమెను ఎవరూ అనలేదు.

"ఇవన్నీ రాసింది ఒక్కరే," అన్నాడు అధికారి. "పిల్లలు కాదు, పెద్దవాళ్లు. అదీ ఎడం చేత్తో."

గదిలో మిగిలిన ముగ్గురి చూపులూ ఒక్కసారే లెక్కల టీచరు ఎడం చేతి మీద వాలాయి. వేళ్లకి ఇంకా సుద్దపొడి అంటుకునే ఉంది. అయిదు నిమిషాల క్రితం ఆ చేత్తోనే బోర్డు మీద భిన్నాలు రాస్తుంటే పిలిపించారు. ఆమె చేతిని మెల్లగా వెనక్కి దాచుకుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందే, దాచుకోకుండా ఉంటే బాగుండేదే అనుకుంది, బీరువాకి వీపు ఆనించి నిలబడ్డ బీరువా అక్క.

బీరువా అక్క అన్న పేరు పిల్లలు పెట్టింది. పన్నెండేళ్లుగా ఆ చదువు కేంద్రంలో ఏ కాగితమైనా ఆమె చేతిమీదుగానే బీరువాలోకి పోవాలి, ఆమె చేతిమీదుగానే బయటికి రావాలి. తాళంచెవి నల్లటి తాడుకి కట్టి మెడలో వేసుకుంటుంది. స్నానం చేసేటప్పుడు కూడా తియ్యదని పిల్లల నమ్మకం. అది నిజమే. రెండో తాళంచెవి కేంద్రాన్ని పెట్టిన పెద్ద టీచరు దగ్గర ఉంటుంది.

గంట క్రితం దాకా అంతా సవ్యంగానే నడిచింది. బడి వదిలాక పిల్లలు నాలుగింటికి వచ్చారు. పెంకుల గోదాము మీద పొడుగాటి హాలు అది. ఇంట్లో పుస్తకం తెరవడానికి మూరెడు చోటు లేని పిల్లలు ఏడింటిదాకా అక్కడ కూర్చుని చదువుకుంటారు. అధికారి ఓ మూల కూర్చుని ఫైలు తిరగేస్తుంటే, ఆయనకి ఎదురుగా ఉన్న పదేళ్ల పిల్ల ఆ ఫైల్లో ఉన్నదంతా తలకిందులుగానే గడగడా చదివేసింది. నోరు మూతపడదు కనక దాన్ని అందరూ చిలక అంటారు. ఆయన ముచ్చటపడ్డాడు. ముచ్చటపడి ఊరుకుంటే సరిపోయేది. ఈ పిల్ల ఏడాది మొదట్లో ఎలా ఉండేదో చూద్దామని మొదటి పరీక్ష పేపరు తెప్పించాడు. యాభైకి నాలుగు. చిలక ఆ పేపరు చూసి మూతి ముడిచింది. అది తనది కాదంది. తనకి నలభై ఒకటి వచ్చాయనీ, లెక్కల టీచరు పక్కన నక్షత్రం కూడా వేసిందనీ చెప్పింది. అరవై రెండు పేపర్లూ తిరగేశారు. ఒక్కదాని మీదా నక్షత్రం లేదు.

లెక్కల టీచరు వాదించలేదు. రెండు పేజీల మార్కుల పట్టీని ముందుకి జరిపింది.

"రెండో పేజీ మీద సంతకం నాదేనండీ. మొదటి పేజీలో మార్కులు నావి కావు."

అధికారి పెద్ద టీచరు వైపు తిరిగాడు. ఆవిడ చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. మోకాళ్లు అరిగిపోయి పాఠాలు చెప్పడం మానేసి రెండేళ్లయింది కానీ ఆవిడ గదిలో ఉంటే పెద్దవాళ్లు కూడా గొంతు తగ్గించే మాట్లాడతారు. ఎవరి మీదా నింద వెయ్యడం తనకిష్టం లేదంది. అమ్మాయి కొత్తగా వచ్చిందనీ, పిల్లలు ఎంత మెరుగుపడితే తన ఉద్యోగం అంత గట్టిపడుతుందని ఆశపడి ఉంటుందనీ అంది. మొదటి మార్కులు తగ్గించి చూపిస్తే చివరి మార్కులు ఎత్తుగా కనిపిస్తాయి కదా అంది.

"చిన్నపిల్ల. తొందరపడింది," అని ముగించింది.



అధికారి చెడ్డవాడేం కాదు. తన చేతుల్లో ఉన్నదేమిటో, లేనిదేమిటో వివరంగానే చెప్పాడు. తప్పు జీతానికి పనిచేసే ఒక్కరిదైతే, వాళ్లని తీసేసి, ఆ సంగతి మిగతా విద్యాసంస్థలన్నిటికీ తెలియపరిచి, నిధులు కొనసాగించవచ్చు. తప్పు కేంద్రాన్ని నడిపేవాళ్లదే అయితే నిధులు ఆ రోజుతో ఆగిపోతాయి. హాలు అద్దె, పుస్తకాలు, జీతాలు అన్నీ ఆగిపోతాయి. ఎల్లుండి పదింటికి కమిటీ ముందు తనకి ఒక్క పేరు కావాలి. లెక్కల టీచరు దిద్ది ఇచ్చిన పేపర్ల కవరు తన చేతికి వచ్చాక ఎవరూ తెరవలేదని బీరువా అక్క రాసి సంతకం పెడితే, మిగిలేది లెక్కల టీచరే.

"మీ వాంగ్మూలమే కీలకమండీ," అని ఆయన ఒక పేపరు తన ఫైల్లో పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

బీరువా అక్క పేపర్లు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. పదో పేపరు దగ్గర ఆమె బొటనవేలు ఆగిపోయింది. ఎడమ అంచు పొడవునా ఒక సన్నటి మడత. అంచు నుంచి సరిగ్గా రెండు వేళ్ల వెడల్పు. కింది మూల గోరంత లోపలికి తిప్పి ఉంది. పదకొండో పేపరు తీసింది. అదే మడత. ఇరవయ్యోది. అదే. లెక్కల టీచరు పిల్లలకి స్కేలు పెట్టి మార్జిను గీత గీసి ఇస్తుంది కానీ మడవదు. ఈ మడత ఈ హాలులోనే పుట్టింది. గీతల పుస్తకాలు కొనలేని రోజుల్లో, చూపుడువేలూ మధ్యవేలూ కాగితం మీద ఆనించి, అంచు మడిచి, బొటనవేలి గోటితో పైనుంచి కిందికి ఒక్క గీటు గీయడం నేర్పిన మనిషి ఇప్పుడు చేతికర్ర పట్టుకుని మెట్ల వైపు నడుస్తోంది.

"జాగ్రత్తగా లోపల పెట్టమ్మాయ్," అంది పెద్ద టీచరు, వెనక్కి తిరక్కుండానే.

*

అమ్మ పనిచేసే లాండ్రీ కేంద్రానికి రెండు వీధుల అవతల. అక్కడ ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తారు. సాయంత్రం పూట బీరువా అక్క అమ్మ కోసం ఆగి, ఇద్దరూ కలిసి ఇంటికి పోవడం అలవాటు. అమ్మ ఇస్త్రీపెట్టె కింద పెట్టి కూతురి మొహం వంక చూసింది.

"ఏమే, మొహం అట్లా పెట్టావు? తేలు కుట్టిన దొంగలాగా."

కూతురు జరిగింది చెప్పింది. మడత సంగతి మాత్రం దాచింది. అమ్మ విని, దుప్పటి రెండో అంచు అందుకోమంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగి, దగ్గరకొచ్చి మడిచి, మళ్లీ దూరం జరిగి లాగారు. అలా నాలుగు దుప్పట్లు మడిచారు.

"పాపం ఆ పిల్ల," అంది చివరికి. "అయినా ఎవరో ఒకరు పోవాలంటే పరాయిదే పోతుంది. పెద్ద టీచరు లేకపోతే నువ్వు పదేళ్లప్పటి నుంచీ ఇక్కడే నా పక్కన దుప్పట్లు లాగుతుండేదానివి. సంతకం పెట్టేసి రా."

"అబద్ధమైతేనో?"

అమ్మ ఆమె చేతిలోని దుప్పటి తీసుకుని వెలుతురుకి పట్టింది. మధ్యలో పాత మడత ఒకటి పచ్చగా కనిపిస్తోంది. ఇది తడిపి ఇస్త్రీ చేసినా పోదంది. అందుకే మొదటిసారి మడిచేటప్పుడే చూసుకోవాలి, తర్వాత ఏడ్చి లాభం లేదంది. ఆ మాట తన కోసమే అందో, దుప్పటి కోసమే అందో కూతురికి అర్థం కాలేదు. 

*

మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, బీరువా అక్క హాలు తాళం తీసి బీరువా ముందు చతికిలబడింది. పెద్ద టీచరు స్వభావం ఆమెకి తెలుసు. పిల్లలు రాసిన కాగితం ముక్క ఆవిడ చింపి పారెయ్యగా ఏనాడూ చూడలేదు. చెత్తబుట్టలోంచి తీసి దులిపి దాచిన మనిషి. అసలు పేపర్లు ఎక్కడో ఉండే ఉంటాయి.

పై అర తీసింది. హాజరు పట్టీలు. రెండో అర, పాత ఉత్తరాలు. మూడో అర, రసీదులు, సున్నం మరకలు పడ్డ ఫోటోలు. అడుగు అరలో చుట్టలు చుట్టిన పటాలు ఉన్నాయి. చెదలు పట్టిన ప్రపంచ పటం, మనిషి ఎముకల పటం, జంతువుల పటం. ఎముకల పటం చుట్ట మిగతావాటికంటే లావుగా ఉంది. దారం విప్పింది. అస్థిపంజరం కడుపులోంచి అరవై రెండు పేపర్లు నేల మీదికి జారాయి. అన్నిటికీ స్కేలుతో గీసిన గీత ఉంది. చిలక పేపరు పైనే ఉంది. నలభై ఒకటి. పక్కన ఎర్ర సిరాతో నక్షత్రం, ఒక కొమ్ము పొడుగ్గా, ఎడంచేతివాటంగా.

సంతోషించబోయి ఆగింది. ఇవి దొరికింది ఎక్కడ? తన బీరువాలో. తాళం ఎవరి మెడలో ఉంది? తన మెడలో. ఇవి తీసుకెళ్లి చూపించిన క్షణంలో లెక్కల టీచరు బయటపడుతుంది, తను లోపల పడుతుంది. చూపించకపోతే రేపు సంతకం పెట్టాలి. ఆమె పేపర్లని సంచీలో వేసుకుని, బీరువా తాళం వేసి, వేసిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది.

మెట్ల మీద లెక్కల టీచరు కూర్చుని ఉంది. తనని పైకి రానివ్వద్దని పెద్ద టీచరు కబురు పంపిందట. పిల్లలకి దిద్దాల్సిన పుస్తకాలు మాత్రం ఇవ్వమని అడగడానికి వచ్చిందట. భిన్నాలు సగంలో ఉన్నాయి, చిలకకి కింది అంకె పెద్దదైతే ముక్క చిన్నదవుతుందన్న సంగతి ఇంకా ఒంటబట్టలేదు, ఎవరైనా కాగితం మడిచి చూపిస్తే చాలు, అని చెప్పింది. తన ఉద్యోగం ఊసు ఎత్తలేదు.

"నువ్వు ఇంకో చోట చూసుకోవచ్చు కదా," అంది బీరువా అక్క, ఏదో ఒకటి అనాలి కనక.

"ఆ ఉత్తరం అన్ని బళ్లకీ పోతుందక్కా. ఇంక నన్ను సుద్దముక్క ముట్టుకోనిచ్చేదెవరు?" నవ్వబోయింది. "లెక్కల టీచర్ని కదా, ఎంతమంది చదువుతారో కూడా లెక్కేసుకున్నాను."

బీరువా అక్క సంచీని అవతలి భుజానికి మార్చుకుంది. అరవై రెండు కాగితాలు అంత బరువుంటాయని ఆమెకి అంతవరకూ తెలియదు.

*

పెద్ద టీచరు ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని పెన్సిళ్లు చెక్కుతోంది. కాళ్ల దగ్గర పాత డబ్బా ఉంది. ఒక్కో పెన్సిల్నీ రెండు కొసలా చెక్కడం ఆవిడ అలవాటు. ఒక కొస విరిగితే పిల్ల ఇంకో కొసతో రాసుకోవాలి, పరీక్షలో ఎవర్నీ అడుక్కోకూడదు.

బీరువా అక్క సంచీలోంచి చిలక పేపరు తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది. పెద్ద టీచరు బ్లేడు ఆపి, కళ్లద్దాలు సరిచేసుకుని, పేపరు మొత్తం చదివింది. ఆరో లెక్క దగ్గర తల ఊపింది.

"భలే చేసింది కదా," అంది.

దాచడానికి ఆవిడ ప్రయత్నించలేదు. పెన్సిలు చెక్కుతూనే చెప్పుకొచ్చింది. నిధుల నియమంలో ఒక వాక్యం ఉంది. మొదటి పరీక్షలో సగం మార్కులు దాటిన పిల్లలు వెనకబడ్డవాళ్లు కారు. కిందటేడు మనం బాగా చెప్పాం, ఆ పిల్లలే ఈ ఏడూ వచ్చారు, యాభైమంది సగం దాటేశారు. నియమం ప్రకారం ఈ ఏడు పన్నెండుమందికే నిధులు. పన్నెండుమందికి హాలు అద్దెకి తీసుకోనివ్వరు.

"బాగా చదివిన పాపానికి వాళ్లని మళ్లీ ఆ ఇళ్లలోకి తోసెయ్యమంటావా? నలభై ఒకటి వచ్చినంత మాత్రాన చిలక ఇంట్లో ఇంకో గది మొలుస్తుందా?"

 ఆవిడ అడిగే ప్రశ్నలకి బీరువా అక్కకి చిన్నప్పుడు కూడా వెంటనే జవాబు దొరికేది కాదు. అందుకని ఒక్కటే అడిగింది.

"ఎడం చేత్తో ఎందుకు రాశారు టీచర్? ఆ అమ్మాయి ఎడంచేతివాటమని తెలిసే రాశారా?"

బ్లేడు ఆగింది. పెద్ద టీచరు తన కుడి చేతిని మరొకరి చేతిలా చూసుకుంది.

"కుడి చేత్తో తప్పు రాయడం రాలేదమ్మాయ్. నాలుగు పేపర్లు ప్రయత్నించాను. ఏడెనిమిదులు యాభై నాలుగు అని వెయ్యబోతే అది దానంతటదే యాభై ఆరు వేసేది." బ్లేడు మళ్లీ కదిపింది. "ఆ పిల్ల సంగతి అప్పుడు తట్టలేదు. నిన్న ఆయన అన్నాకే తట్టింది. తట్టాక నిజం చెప్పడానికి నోరు రాలేదు."

"మరి నా బీరువాలో పెట్టారేం?"

"నీ దగ్గరుంటే భద్రంగా ఉంటాయని."

ఆ మాట చాలా సహజంగా అంది. అందుకే బీరువా అక్కకి మెడలో తాడు ఉరిలా బిగిసింది. తన పేరు చెబితే కేంద్రం పోతుందని, ఆ పిల్ల పేరు చెబితే పిల్ల ఒక్కతే పోతుందని పెద్ద టీచరు మెల్లగా చెప్పింది. అరవై రెండు పెద్దదా, ఒకటి పెద్దదా అని అడిగింది. ఆ లెక్క నీ చేతే చేయించాలని నాకు లేదు కానీ కవరు నీ చేతిలోనే ఉంది కదా అంది. వెళ్లేటప్పుడు డబ్బా చేతికిచ్చి, పెన్సిళ్లు పిల్లలకి పంచమంది.

*

కమిటీ అంటే ముగ్గురు. ఒక రిటైరైన డాక్టరు, గోదాము యజమాని, పెద్ద టీచరు. నాలుగో కుర్చీలో అధికారి. ఆ రోజు బడికి సెలవు. కేంద్రం ఉంటుందో పోతుందోనన్న కబురు ఎలా పాకిందో, పొద్దున్నే వచ్చేసిన పిల్లలు హాలు తలుపు బయట మెట్ల మీద బారులు తీరి కూర్చున్నారు. వాళ్లకి తోడుగా, పై మెట్టు మీద, లెక్కల టీచరు. పైకి రానివ్వొద్దన్నారు కానీ మెట్ల మీద కూర్చోవద్దని ఎవరూ అనలేదు. ఒక కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి మడుస్తూ చిలకకి ఏదో చూపిస్తోంది.

బీరువా అక్క లోపలికి వచ్చి తలుపు మూయలేదు. రాత్రంతా వెతగ్గా ఆమెకి దొరికింది ఒకే ఒక్క సందు. లెక్కల టీచరు చెయ్యలేదని మాత్రం చెప్పాలి. ఎవరు చేశారో చెప్పకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఒక్క పాదం పట్టే గట్టు. దాని మీద నిలబడగలిగితే చాలు. సంచీలోంచి అసలు పేపర్లు తీసి బల్ల మీద పెట్టింది. నక్షత్రాలు పైకి కనిపించేలా పెట్టింది.

డాక్టరు ఒక్కొక్కటీ తిరగేశాడు. గోదాము యజమాని ఇవి ఎక్కడివని అడిగాడు. బీరువాలో దొరికాయంది. అవి దిద్దిన అమ్మాయికి ఆ బీరువా తాళం లేదనీ, ఎన్నడూ లేదనీ, కాబట్టి మార్చింది ఆమె కాదనీ చెప్పింది. అధికారి అదే రాసివ్వమని తెల్లకాగితం ఒకటి ముందుకి జరిపాడు.

ఆమె పెన్ను తీసుకుంది. రాయాల్సిన మొదటి వాక్యం మనసులో పేర్చుకుంటోంది. మనసు ఆ పనిలో ఉంటే చేతులు తమ పని తాము చేసుకుపోయాయి. రెండు వేళ్లు కాగితం ఎడమ అంచున ఆనాయి. అంచు లోపలికి మడిచింది. బొటనవేలి గోరు పైనుంచి కిందికి ఒక్క గీటు గీసింది. కింది మూల గోరంత తిరిగింది. కాగితం తిప్పి రాయబోతుండగా అధికారి చెయ్యి వచ్చి దాని మీద పడింది.

ఆయన తన ఫైల్లోంచి దొంగ పేపరు ఒకటి తీసి పక్కన పెట్టాడు. మడత మీద మడత. మూల మీద మూల. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఈ మడత నేను మొదటిరోజే చూశాను," అన్నాడు. "పిల్లల మడత అనుకున్నాను. నిన్న పిల్లల పుస్తకాలన్నీ తిరగేశాను. ఎవరూ మడవడం లేదు."

గోదాము యజమాని కుర్చీ కిర్రుమంది. తాళం మీది, బీరువా మీది, మడత మీది, అని అధికారి మెల్లగా లెక్కపెట్టాడు. బీరువా అక్క కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. పన్నెండేళ్లలో ఈ చేతులు ఎన్ని వేల కాగితాలు మడిచాయో. ఒక్కసారి మడవకుండా ఉంటే సరిపోయేది. ఆ ఆలోచనే రాలేదు, ఊపిరి తీసుకోకుండా ఉంటే బాగుండునని ఎవరికి తోస్తుంది?

తన తల కొంచెం ఎత్తితే ఎదురుగా పెద్ద టీచరు ఉంటుందని ఆమెకి తెలుసు. ఎత్తలేదు. తనూ జీతానికి పనిచేసే ఒక్క మనిషే కదా. ఒక్క పేరే కదా కావాలన్నారు. మెట్ల మీద ఉన్న లెక్కల టీచరు బతుకుతుంది, హాలు బతుకుతుంది. అమ్మ పక్కన దుప్పట్లకి రెండో కొస పట్టుకునేవాళ్లు ఎప్పుడూ కావాలి.

"ఇవి రాసింది ఎవరండీ?" అని అడిగాడు అధికారి.

"నేనే," అంది.

"తప్పు."

ఆ గొంతు విని డాక్టరు కూడా నిటారుగా కూర్చున్నాడు. పెద్ద టీచరు కళ్లు మూసుకునే ఉంది.  పరాయి పిల్ల విషయంలో రెండు రోజులు నిజం చెప్పని మనిషి, తను చదువు చెప్పిన పిల్ల నోట తప్పు జవాబు వినేసరికి ఆగలేకపోయింది.

"జవాబు తప్పు," అంది మళ్లీ. "లేచి నిలబడి చెప్పు."

బీరువా అక్క లేచింది. లేవాలా వద్దా అని అనుకునే లోపే లేచి నిలబడి ఉంది, చేతులు రెండూ పక్కలకి ఆనించి, పదేళ్ల పిల్లలా. తలుపు బయట మెట్ల మీద గుసగుసలు ఆగిపోయాయి. పెద్ద టీచరు కళ్లు తెరిచింది. ఆ కళ్లలో కోపం లేదు. బెంచీల మధ్య నడుస్తూ, వచ్చీరాని జవాబు కోసం ఓపిగ్గా ఆగే చూపు.

"టీచర్, హాలు..." అంది బీరువా అక్క. 

"హాలు సంగతి నిన్నడగలేదు. ఈ పేపర్లు రాసింది ఎవరు?"

"మీరు."

"పూర్తి వాక్యం. గట్టిగా. బయటికి వినపడాలి."

ఆమె మెడలోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, ఈ హాలులో మొదటిరోజు నేర్పినట్టే, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"ఆ అరవై రెండు పేపర్లూ రాసింది మా పెద్ద టీచరు."